బ్రేకర్‌కు పెట్టిన కూలర్

రిటైరయ్యాక నా దగ్గరికి అప్పుడప్పుడు కొత్త ఇంజనీర్లు వస్తున్నారు. టీ తాగి, "మేడం, మీ అనుభవం మీద ఒక్క మాట చెప్పండి" అంటారు. ఒక్క మాటే కావాలట! ఫ్యాక్టరీలకూ, గోదాములకూ, ఫంక్షన్ హాళ్లకూ వైరింగ్ డిజైన్ చేస్తూ తల నెరిసిన మనిషిని ఒక్క మాటలో తేల్చేసి బండెక్కుదామని వాళ్ల ఆలోచన. సరే, ఆ ఒక్క మాట ఇది: మే నెల మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని రేకుల కిందికి ఎక్కి చూడండి. అర్థమైనవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి హాయిగా నిద్రపోవచ్చు. మిగతావాళ్ల కోసం నేను ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

అడుగున ఉండే చిన్న అక్షరాలు

ప్రతి కేబుల్ కంపెనీ ఒక పట్టిక ఇస్తుంది. ఈ మందం వైరు ఇన్ని ఆంపియర్ల కరెంటు మోస్తుందని అందులో ఉంటుంది. మెరిసే కాగితం, పెద్ద పెద్ద అంకెలు, పక్కన నవ్వుతున్న కుటుంబం ఫొటో. అడుగున మాత్రం, చీమలు చదువుకోవడానికి వీలుగా ఒక వాక్యం అచ్చువేస్తారు: చుట్టూ ఉన్న గాలి నలభై డిగ్రీలు అనుకుని ఈ లెక్కలు వేశాం. నా ఉద్యోగమంతా ఆ "అనుకుని" అన్న మాటతో కొట్లాడటానికే సరిపోయింది.

విషయం కష్టమైనదేమీ కాదు. కరెంటు పారితే వైరు వేడెక్కుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. గాలే మండిపోతుంటే అది ఎక్కడికి పోతుంది? వైరులోనే కూర్చుంటుంది. మామూలు పీవీసీ తొడుగు డెబ్భై డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. చుట్టూ నలభై ఉంటే దానికి ఇంకో ముప్పై డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. చుట్టూ అరవై ఉంటే ఇక మిగిలేది పదే. అప్పుడు పట్టికలో వంద ఆంపియర్లని గొప్పగా రాసిన వైరు మీద అరవై కూడా వేయకూడదు. ఈ తగ్గింపు లెక్క అదే పుస్తకం వెనక పేజీలో ఉంటుంది. పేజీ తిప్పడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు, చూపుడు వేలుంటే చాలు. అయినా ఆ పేజీ ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

కొన్ని పట్టికలు ముప్పై డిగ్రీలే అనుకుంటాయి. అవి చల్లటి దేశాల్లో పుట్టినవి, వాటి తప్పేమీ లేదు. వాటిని చూసి శంషాబాద్‌లో వైరు కొనేవాడిని మాత్రం ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మా సారు గది

నేను పనిచేసిన కంపెనీ యజమానిని ఇక్కడ సారు అనే పిలుస్తాను. పేరు చెప్పాల్సిన పని లేదు, ఇలాంటి సారు ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు. ఆయనది కోస్తా. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు, ఎవరినీ "మీరు" తప్ప "నువ్వు" అన్న పాపాన పోలేదు. మన లెక్క కొట్టేసేటప్పుడు కూడా ఎంతో మర్యాదగా కొట్టేసేవారు. ఆయన గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, డ్రాయింగులు పట్టుకుని లోపలికి వెళ్లేటప్పుడు నేను ఏప్రిల్‌లో కూడా కొంగు భుజాల నిండా కప్పుకునేదాన్ని. ఆయన ఎండాకాలాన్ని కారు అద్దంలోంచి చూసిన మనిషి. చూసినంతలో బాగానే ఉందనుకున్నారు.

మాది మామిడిపల్లి. నేను చదువుకునే రోజుల్లో మా ఇంటికి రేకుల కప్పే. మధ్యాహ్నం కాగానే మా అమ్మ పిల్లలందరినీ బయట వేపచెట్టు కిందికి తోలేది. మనుషులం కాబట్టి లేచి పోయేవాళ్లం. ఇంట్లో బల్బుకు వేసిన వైరు మాత్రం అక్కడే పడి ఉండేది. దాని తొడుగు రెండేళ్లకే ముట్టుకుంటే రాలిపోయేది. నాకు తగ్గింపు లెక్క నేర్పింది కాలేజీ అయినా, దాన్ని నమ్మించింది మాత్రం మా ఇంటి కప్పే.

సారుకు అలాంటి కప్పు కింద బతికే అదృష్టం కలగలేదు. నేను ఎక్కడ వైరు మందం పెంచినా ఎర్ర పెన్నుతో సున్నితంగా చుట్టేవారు. "ఓవర్ డిజైన్ అండీ. పట్టిక ప్రకారం సరిపోతోంది కదండీ. మీరు ఊరికే భయపడుతున్నారు" అనేవారు. భయం అనేది ఆడవాళ్లకు వచ్చే ఒక రకం జలుబు అన్నట్టు ఉండేది ఆ గొంతు.

నర్సింహ హాలు

శంషాబాద్ దాటి కొత్తూరు పోయే తోవలో, రోడ్డుకు కాస్త లోపలగా నర్సింహ ఫంక్షన్ హాలు ఉంది. నర్సింహ వాళ్లు తరాలుగా వ్యవసాయం చేసినవాళ్లు. చేతికి మిగిలిన కాస్త భూమినీ అమ్మి, ఆ వచ్చిందంతా ఈ హాలులో పోశాడు. ఇది నడిస్తే ఇల్లు నడుస్తుంది, లేకపోతే లేదు. పైన రేకులు, కింద పువ్వులు చెక్కిన తెల్లటి ఫాల్స్ సీలింగ్, చుట్టూ పెద్ద పెద్ద ఏసీలు. రేకులకూ సీలింగుకూ మధ్య ఉన్న ఖాళీలో, ఎవరికీ కనపడకుండా, ఏసీలకు పోయే కేబుళ్లు. కనపడకపోతే చాలు, అదే అందం అని మా రంగంలో ఒక గట్టి నమ్మకం.

ఆ హాలు డిజైన్ నాదే. కేబుళ్లు రేకుల కింద పోతున్నాయని రెండు సైజులు పెంచి గీశాను. సారు ఎర్ర పెన్ను తీశారు. నర్సింహకు విషయం చెబుదామని పోతే, అతను నా మొహంలోకి చూసి జాలిగా నవ్వాడు.

"అక్కా, టీవీల ఏర్పోర్టు కాడ నలభై ఒకటే అన్నరు. నువ్వు అరవై అంటవ్. గా ఇరవై ఏడికెళ్లి తెచ్చినవ్?"

మంచి ప్రశ్నే. టీవీలో చెప్పే వేడిని గాలి ఆడే నీడలో, పెట్టెలో పెట్టి కొలుస్తారు. వాతావరణం వాళ్లు నర్సింహ రేకుల కింద పడుకుని కొలవరు. ఇదంతా చెప్పాను. అతను శ్రద్ధగా విని, "సారు సరిపోతదన్నడు గదా" అన్నాడు. అక్కడితో అయిపోయింది.

మాఘమాసం పెళ్లిళ్ల కోసం హాలు తెరిచారు. తెరిచేముందు పరీక్ష చేశారు. పొద్దున పొద్దున్నే, ఖాళీ హాలులో, అందరం స్వెట్టర్లు వేసుకుని ఏసీలన్నీ పూర్తిగా నడిపించాం. సారు ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి, "చూశారా, ఎంత చల్లగా ఉందో" అన్నారు. నిజమే, చాలా చల్లగా ఉంది. ఆ రోజు ఆ హాలులో నన్ను ముట్టుకున్నా చల్లగానే ఉండేది.

సలీం భాయ్ వైద్యం

ఎండలు ముదిరాక, మధ్యాహ్నం సరిగ్గా బంతి భోజనాల వేళకు ఏసీల మెయిన్ బ్రేకర్ పడిపోవడం మొదలైంది.

బ్రేకర్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. దాని లోపల ఒక లోహపు పట్టీ ఉంటుంది. వేడెక్కితే వంగుతుంది, వంగితే లైను తెగుతుంది. కరెంటు ఎక్కువైనా వంగుతుంది, అది ఉన్న గదిలో వేడి ఎక్కువైనా కాస్త తొందరగా వంగుతుంది. నర్సింహ ప్యానెల్ గది కూడా అవే రేకుల కింద ఉంది. అంటే పైన కేబుళ్లు పడుతున్న కష్టమే కింద బ్రేకర్ కూడా పడుతోంది. తేడా ఏమిటంటే దానికి నోరుంది. మొత్తం హాలులో నిజం చెబుతున్నది అదొక్కటే.

హాలు కరెంటు పనులు చూసేది జల్‌పల్లి సలీం భాయ్. చేతి పని మంచిది, మనిషి ఇంకా మంచివాడు, ఏ సమస్యకైనా ఒక ఉపాయం ఉండి తీరుతుందని నమ్మే రకం. పడిపోతున్న బ్రేకర్‌ను చెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది. కాలేదాన్ని ఏం చేయాలి? చల్లబరచాలి. పెళ్లిళ్లప్పుడు బయట పెట్టడానికి హాలువాళ్లు కొన్న పెద్ద కూలర్ ఒకటి లాక్కొచ్చి, నీళ్లు నింపి, ప్యానెల్ తలుపులు బార్లా తెరిచి దాని మొహానికి పెట్టాడు.

అంతే, బ్రేకర్ పడటం మానేసింది.

ఇది సలీం భాయ్ ఒక్కడి తెలివే అనుకోకండి. మే నెలలో మన చుట్టుపక్కల ఏ హాలు, ఏ షెడ్డు వెనక గదిలోకి తొంగి చూసినా ప్యానెల్ ముందు ఫ్యానో కూలరో కనిపిస్తుంది. జ్వరం ఉందని చెప్పే థర్మామీటరును ఐసు నీళ్లలో ముంచి రోగం తగ్గిందని సంబరపడటం ఇది. పైగా కరెంటు పెట్టె మీదికి తడి గాలి. నీళ్లనూ కరెంటునూ దూరం పెట్టాలని చిన్న పిల్లలకు చెబుతాం, పెద్దయ్యాక వాటికి మనమే పెళ్లి చేస్తాం.

సారుకు ఈ సంగతి తెగ నచ్చింది. "ప్రాక్టికల్ మైండ్ అంటే ఇదీ అండీ" అని ఆఫీసులో అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ అందరిలో నేను ఉన్నానో లేదో కూడా తల తిప్పి చూసుకున్నారు.

నిచ్చెన

మే మధ్యలో నర్సింహ ఫోన్ చేశాడు.

"అక్కా, ట్రిప్ అయితలేదు ఇగ. సలీం భాయ్ జబర్దస్త్ పని చేసిండు. గదే లైను మీద ఇంకో రెండు ఏసీలు ఏద్దామనుకుంటున్న. జర ఒచ్చి చూడరాదు?"

బ్రేకర్ నోరు మూయించిన తర్వాత దాని మీద ఇంకా బరువు పెట్టడం కూడా మనవాళ్లకు అలవాటే. వెంటనే బయల్దేరాను.

నేను వెళ్లేసరికి పెళ్లి నడుస్తోంది. తలంబ్రాలు అయిపోయాయి, మొదటి బంతి కూర్చుంది. ప్యానెల్ గదిలో కూలర్‌కు ఎవరో మిగిలిపోయిన బంతిపూల దండ కూడా వేశారు. హాలు మొత్తం మీద ఆ గదే హాయిగా ఉండటంతో వంటవాళ్లు పెరుగు గంగాళాలు అక్కడికే చేర్చారు. పెళ్లివారి డ్రైవరు ఒకతను వాటి పక్కన తువాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. ఇంత సుఖంగా ఉన్న ప్యానెల్ గదిని నేను సర్వీసులో చూడలేదు.

హాలులోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది. పీవీసీ వేడెక్కితే వచ్చే వాసన మా వాళ్లకు తెలుస్తుంది, మిగతావాళ్లకు ఏదో మాడినట్టు ఉంటుంది. "బగారన్నం అడుగంటినట్టున్నది" అంటూ నర్సింహ వంటవాళ్ల మీద కేకలేస్తున్నాడు. స్టేజీ పక్కన, అన్నిటికన్నా పెద్ద ఏసీ కింద, నర్సింహ వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఆమెకు అదొక నియమం. ఎవరి పెళ్లయినా సరే, పిలిచినా పిలవకపోయినా, అదే కుర్చీలో కూర్చుని, అందరి పిల్లలనూ దీవించి, తినిపోతుంది. నన్ను చూసి "దా బిడ్డా, సల్లగున్నది, కూసో" అంది.

కూర్చోలేదు. నిచ్చెన తెప్పించి, సీలింగు మూల ఉన్న మూత తెరిచి తల పైకి పెట్టాను. మొహం మీద మరుగుతున్న గిన్నె మూత తీసినట్టయింది. నా థర్మామీటరు అరవై రెండు చూపించింది. అందుతున్న కేబుల్‌ను గోరుతో నొక్కితే గోరు దిగింది. తొడుగు బెల్లం పాకంలా మెత్తబడి, కేబుళ్లను మోసే ఇనప ట్రే అంచు మీదికి జారుతోంది. అవతల, సీలింగు మీద, డెకరేషన్ వాళ్లు వదిలేసిన గుడ్డలు పడి ఉన్నాయి. వాటి కింద కాయితమంత పలుచటి సీలింగు. దాని కింద మొదటి బంతి, రెండో బంతికి నిలబడ్డ జనం, చంటిపిల్లలు, ఆ ముసలమ్మ.

నాకు చాలా భయమేసింది. సారు చెప్పే జలుబు లాంటి భయం కాదు.

దిగగానే సారుకు ఫోన్ చేశాను.

"బ్రేకర్ ట్రిప్ అవుతోందా అండీ?"

"లేదు సార్. కూలర్ పెట్టారు కదా, అందుకే అవట్లేదు."

"అవట్లేదు కదండీ? మరి మీకు ఇబ్బందేమిటి? క్లయింటును అనవసరంగా కంగారుపెట్టకండి. ఫంక్షన్ అయ్యాక తీరిగ్గా చూద్దాం."

ఫోను పెట్టేసి ప్యానెల్ గదిలోకి నడిచాను. నర్సింహ నాకన్నా ముందే వెళ్లి ప్యానెల్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

కరెంటు చేసిన పని

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. గీ ఒక్క పెండ్లి కానియ్యి. పిల్లగాని తరఫోళ్లు పొద్దుగాల నుంచే గరం మీదున్నరు. నేనే ఏసీలు బంద్ చేసిన్నని తెలిస్తే ఊరూరా చెప్తరు. మళ్ల నా హాలుకు ఎవలొస్తరు?"

కోపంతో చెయ్యి లేచింది గానీ, అతని మాటలో అబద్ధం లేదు. మన దగ్గర పెళ్లిలో యజమాని ఏసీ ఆపితే అది అవమానం. పెళ్లికొడుకు మేనమామలు దాన్ని ఇరవై ఏళ్లు మోస్తారు. అదే ఏసీ తనంతట తాను ఆగిపోతే ఎవరికీ ఏ బాధా లేదు. కరెంటు చేసిన పనిని ఈ దేశంలో అందరూ క్షమిస్తారు. అప్పుడు తట్టింది నాకు.

"నర్సింహా, నువ్వు బంద్ చెయ్యకు. నేను సుత చెయ్య. ఏసీలు వాటంతట అవే ఆగిపోతే?"

"గట్లయితే ఎవలేమంటరక్కా? వోల్టేజి లేదంట. అందరు కలిసి కరెంటోళ్లను తిడతరు."

"మరి కూలర్ తీసేద్దాం."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. సలీం భాయ్‌కి వెంటనే అయింది. "మేడం, గా గాలి బంద్ అయితే ఇదెంతసేపు నిలవదు" అన్నాడు నెమ్మదిగా. తన వైద్యం ఇన్నాళ్లూ ఏం చేసిందో ఆ మాట పూర్తయ్యేలోపే అతని మొహంలో కనపడింది. తనే వంగి కూలర్ ప్లగ్గు పీకేశాడు.

నేను నర్సింహను పక్కకు జరిపి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాసన కొంచెం పెరిగినా, పెళ్లికొడుకు మేనమామలు నన్ను నమిలి మింగినా, దించేయాలనే అనుకున్నాను. ఆ అవసరం రాలేదు. రెండో బంతికి విస్తర్లు పరుస్తుండగా బ్రేకర్ ఠప్పున పడింది. ఉద్యోగంలో నేను విన్న చప్పుళ్లలో అంత ఇంపైనది ఇంకొకటి లేదు.

నర్సింహ మైకు దగ్గరికి పరుగెత్తాడు. "వోల్టేజి డౌనున్నది, ఏసీలు గుంజుతలెవ్వు, జర అందరు మాఫ్ చెయ్యాలె" అన్నాడు. జనం తలలూపారు. ఒక పెద్దాయన తన బోరు మోటారు కథ మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు మేనమామ కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి, పాపం అక్కడెవరినో కడిగేశాడు. తలుపులన్నీ తెరిచారు, కుర్చీలు బయట షామియానా కిందికి మారాయి, చెమటలు తుడుచుకుంటూ అందరూ కడుపునిండా తిన్నారు. కరెంటు శాఖకు ఈ విషయంలో నేను క్షమాపణ బాకీ ఉన్నాను.

ఎలుకలు

మర్నాడు పొద్దున సీలింగ్ విప్పించాం. ఒకచోట తొడుగు పూర్తిగా జారిపోయి లోపలి లోహం కనపడుతోంది. దాన్ని ఆనుకుని ఉన్న డెకరేషన్ గుడ్డ అంచు గోధుమరంగుకు మాడి, వేలితో తాకితే పొడి అయిపోయింది. నర్సింహ నిచ్చెన మీద నుంచే కిందికి చూశాడు.

"అక్కా, గా కిందున్నది మా అవ్వ కుర్చీ."

దిగి వచ్చి వాళ్లమ్మ కూర్చునే ఆ కుర్చీలోనే కూర్చుని కండువాతో మొహం కప్పుకున్నాడు. సలీం భాయ్ అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇద్దరినీ ఏమీ అనబుద్ధి కాలేదు. అనాల్సిన మనిషి చల్లటి గదిలో ఉన్నాడు.

ఆ మనిషికి చెప్పాను కూడా. ఫొటోలన్నీ చూసి, "ఎలుకలు అయ్యుంటాయండీ" అన్నారు. మా రంగంలో ఎలుకలు మోసినన్ని నేరాలు ఎవరూ మోయలేదు. అరవై రెండు డిగ్రీల్లో ఏ ఎలుకా సంసారం చేయదని చెప్పాను. "మీకు కూలర్ మీద అంత పగేమిటండీ?" అని నవ్వారు. అయితే ఈసారి నర్సింహే ఆఫీసుకు వచ్చి, రేకుల కింద ఒక్క వైరు కూడా ఉండొద్దని బల్ల గుద్దాడు. నా మాటకు లొంగని ఎర్ర పెన్ను అతని బల్ల చప్పుడుకు లొంగింది. మందం పెంచాం. కేబుళ్లను సీలింగు పైనుంచి దించి, హాలు లోపలి గోడ మీద, అందరి కళ్లెదుటా పోనిచ్చాం. చూడటానికి అందంగా ఏమీ ఉండవు. డెకరేషన్ వాళ్లు వాటి మీద పూలు చుడుతున్నారు. నా సర్వీసులో ఏసీ గాలి పీల్చిన కేబుళ్లు అవే.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇంకేం చెప్పను? పట్టిక తప్పు కాదు. అది తాను ఏం అనుకుందో నిజాయితీగా అడుగున రాసుకుంది. మీరు పని చేసే చోట అది అనుకున్నట్టు ఉందా లేదా అని చూడటానికే మీకు జీతం. మాఘమాసంలో చేసిన పరీక్షకు మేలో విలువ లేదు. బ్రేకర్ పడుతుంటే ముందు దానికి దండం పెట్టండి, తర్వాత ఎందుకు పడుతోందో వెతకండి. మీ సారు గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం ఒక శాలువా పట్టుకెళ్లండి. అక్కడ చాలా చల్లగా ఉంటుంది.

పోయిన ఎండాకాలం ఆ హాలులోనే మా బంధువుల పెళ్లి అయింది. ప్యానెల్ గదికి తలుపు వేసి ఉంది, ముందు ఏమీ లేదు. నర్సింహ వాళ్లమ్మ ఇప్పుడు మెట్లెక్కి హాలులోకి రాలేకపోతోందట. వెనక వాళ్ల గదిలో ఉందంటే చూడటానికి వెళ్లాను. నులక మంచం మీద పడుకుని ఉంది. మొహానికి ఎదురుగా ఆ పాత కూలర్ గర్రుమంటూ తిరుగుతోంది. నేను దాన్ని గుర్తుపట్టి నవ్వుతుంటే ఎందుకని అడిగింది. కథంతా చెప్పాను. అంతా విని, ఆ గాలికి ఎగురుతున్న నెరిసిన వెంట్రుకలు సవరించుకుంటూ కొడుకు వైపు కోపంగా చూసింది.

"గింత సల్లటి గాలి ఇన్నొద్దులు గా కరెంటు డబ్బకు పెట్టిన్రా?"